చిన్న చేతులకు చిన్న పని
క్రిస్మస్ ముందు ఇల్లు శుభ్రం చేసుకునే తల్లిదండ్రులకు పిల్లల వార్డు నుండి కొన్ని మాటలు



డిసెంబరు నెల వచ్చిందంటే మన ఇళ్ళలో పని రెట్టింపవుతుంది. గోడలకు సున్నం, తలుపులకు రంగు, అటక మీది సామాను దించడం, బూజు దులపడం, బాత్‌రూము గచ్చు రుద్దడం, పోయిన ఏడాది దాచిన నక్షత్రం ఏ పెట్టెలో ఉందో వెదకడం. క్యారల్స్ వాళ్ళు ఏ రాత్రి గుమ్మంలోకి వస్తారో తెలియదు కాబట్టి అంతా ముందే అయిపోవాలని తల్లుల తొందర. ఈ తొందరలోనే మా పిల్లల వార్డుకు కొన్ని కేసులు వస్తుంటాయి. కంట్లో సున్నం పడినవాళ్ళు, స్టూలు మీద నుంచి జారినవాళ్ళు, రంగులో కలిపే టర్పెంటైను మింగినవాళ్ళు. అలా వచ్చిన ఒక బాబు సంగతి చెప్పి అసలు విషయానికి వస్తాను. పేరు, ఊరు రాయడం లేదు. వాళ్ళ అమ్మను అడిగితే, "నాకు జరిగినట్టు ఇంకొకరికి జరగకూడదు సిస్టరుగారూ, రాయండి" అంది.

ఆ బాబుకు నాలుగేళ్ళు. ఆ రోజు వాళ్ళమ్మ బాత్‌రూములో యాసిడ్ పోసి గచ్చు రుద్దుతోంది. ఇంతలో పొయ్యి మీద పాలు పొంగిన వాసన వచ్చి వంటింట్లోకి పరుగెత్తింది. యాసిడ్ ఉన్నది పాత కూల్‌డ్రింకు సీసాలో. మూత తీసిన సీసాను గడప పక్కనే పెట్టి వెళ్ళింది. తిరిగి రావడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదట. అప్పటికే బాబు ఆ సీసాను రెండు చేతులతో ఎత్తి, అమ్మ చేసినట్టే గచ్చు మీద పోస్తున్నాడు. పక్కనే చీపురు కూడా తెచ్చి పెట్టుకున్నాడు. బరువుకు సీసా జారింది. తొడ మీద, పాదాల మీద పడి, ఎడమ కంట్లోకి చిందింది.

ఆ ఇంటి నాయనమ్మగారు చదువుకున్న మనిషి కాదు. వాణ్ణి చంకనెత్తుకుని పెరట్లో గాబు దగ్గరికి తీసుకెళ్ళి, ఒంటి మీది బట్టలు విప్పేసి, చెంబుతో నీళ్ళు పోయడం మొదలుపెట్టింది. పక్కింటివాళ్ళు ఒకరు కొబ్బరినూనె తెచ్చారు, ఒకరు టూత్‌పేస్టు తెచ్చారు. "ముందు నన్ను నీళ్ళు పోయనివ్వండి" అని ఆమె ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. ఆటో వచ్చేదాకా పోస్తూనే ఉంది, కంటి మీద కూడా, వాడు ఎంత ఏడ్చినా సరే. ఆ నీళ్ళే వాడి కన్ను కాపాడాయి. తొమ్మిది రోజులు వార్డులో ఉన్నాడు. తొడ మీద మచ్చ మిగిలింది, చూపు దక్కింది. దేవునికి స్తోత్రం.

ఇంటికి పంపే రోజున వాళ్ళమ్మ నాతో అన్న మాట ఇది: "ఇకమీదట వీణ్ణి చీపురు కూడా ముట్టుకోనివ్వనండి. ఏ పని దగ్గరికీ రానివ్వను."

"అది మాత్రం చేయకమ్మా" అన్నాను. ఆమె ఆశ్చర్యపోయింది. నిలబడి వివరంగా చెప్పడానికి ఆ రోజు తీరిక దొరకలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

వాడు అల్లరి చేయలేదు

మొదట గమనించవలసింది ఇది. ఆ బాబు చేసింది అల్లరి కాదు, సాయం. అమ్మ ఒక పని సగంలో వదిలి వెళ్ళింది, వాడు పూర్తి చేద్దామనుకున్నాడు. పిల్లలకు ఈ గుణం మనం నేర్పితే రాదు, వాళ్ళతోనే వస్తుంది. జర్మనీలోని లైప్‌జిగ్‌లో పనిచేసిన ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమసెల్లో అనే ఇద్దరు పరిశోధకులు 2006లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఏడాదిన్నర వయసు పిల్లల ఎదుట ఒక పెద్దమనిషి బట్టలకు పెట్టే క్లిప్పు జారవిడిచి, అందుకోలేక చేయి చాపుతాడు. చేతినిండా పుస్తకాలతో బీరువా తలుపు తెరవలేక అవస్థ పడతాడు. ఎవరూ అడగకుండానే, ఏమీ ఇస్తామనకుండానే పిల్లల్లో చాలామంది లేచి వెళ్ళి క్లిప్పు అందించారు, తలుపు తీశారు. ఇంకా మాటలు కూడా సరిగా రాని పిల్లలు.

మన ఇళ్ళలో ఏం జరుగుతుంది? బిడ్డ చీపురు పట్టుకోగానే "ఛీ, అది మురికి, అక్కడ పెట్టు" అంటాం. గుడ్డ పట్టుకుంటే "నువ్వు వెళ్ళి టీవీ చూసుకో నాన్నా" అని పంపిస్తాం. ఇప్పుడైతే చేతికి ఫోను ఇస్తున్నాం. పని తొందరగా అవుతుందని మన ఆశ. కాని సాయం చేయాలన్న కోరిక ఎక్కడికీ పోదు. తనకంటూ పని లేని పిల్లవాడు మనం అటు తిరగగానే మన పని అందుకుంటాడు. మన పనిలో యాసిడ్ ఉంటుంది, వేడినీళ్ళు ఉంటాయి, స్టూలు ఉంటుంది. వాడి పని వాడికి ఉంటే వాడి కన్ను, చేయి దాని మీద ఉంటాయి. మా వార్డులో ఇన్నేళ్ళుగా చూసి నేను నమ్మిన సంగతి ఇదే.

మరియా మాంటిస్సోరి అనే పేరు మీరు వినే ఉంటారు. ఆమె స్వయంగా వైద్యురాలు. 1907 జనవరిలో రోము నగరంలోని ఒక పేదల పేటలో చిన్నపిల్లల కోసం మొదటి బాలగృహం తెరిచింది. అక్కడ పిల్లల ఎత్తుకు తగిన చీపుర్లు, బల్లలు, కడుక్కునే గిన్నెలు పెట్టించింది. తుడవడం, కడగడం, గుండీలు పెట్టుకోవడం వాళ్ళకు పాఠాలు. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చింది. యుద్ధం వల్ల 1946 వరకు మన దేశంలోనే ఉండి వందలాది ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. ఈ రోజు మన పట్టణాలలో మాంటిస్సోరి బోర్డులకు కొదువ లేదు. వాటి లోపల మూడేళ్ళ పిల్లలకు హోమ్‌వర్కు కనిపించింది గాని, వాళ్ళ ఎత్తు చీపురు మాత్రం నాకు ఇంతవరకు కనిపించలేదు.

బైబిలు చదివేవారికి ఇంకో దృష్టాంతం గుర్తుకు రావాలి. షిలోహు మందిరంలో ఉన్న బాలుడైన సమూయేలు ఉదయాన లేచి మందిరపు తలుపులు తీసేవాడు. ఏటేటా తల్లి హన్నా అతనికి చిన్న అంగీ కుట్టి తెచ్చేది. అంగీ ఒంటికి సరిపడా కుట్టినట్టే పని కూడా వయసుకు సరిపడా ఇచ్చారు. బలిపీఠం మీది నిప్పు చూసే పని ఆ వయసులో అతనికి అప్పగించినట్టు ఎక్కడా లేదు.

తడి గుడ్డతో మొదలుపెట్టండి

రెండు మూడేళ్ళ బిడ్డకు మొదటి పనిముట్టు తడి గుడ్డ. పాత బనీను గాని, మెత్తబడిన లుంగీ గాని చేతిరుమాలు అంత ముక్క చించండి. పెద్ద గుడ్డ ఇస్తే వాళ్ళు పిండలేరు, ఇల్లంతా నీళ్ళవుతుంది, మీకు కోపం వస్తుంది. ఒక చిన్న మగ్గులో నాలుగు వేళ్ళ లోతు మంచినీళ్ళు చాలు. సబ్బు వద్దు, డెటాలు వద్దు, ఫినాయిలు అసలే వద్దు. నేల మీద కూర్చుని, మీరు గుడ్డ ముంచి, పిండి, కుర్చీ కాలు పై నుంచి కిందికి నిదానంగా తుడిచి చూపండి. చూపేటప్పుడు మాటలు తగ్గించండి. మాట వినాలో చేయి చూడాలో పిల్లలకు తెలియదు. తర్వాత గుడ్డ ఇచ్చి మీ పని మీరు చేసుకోండి, కాని కనుచూపు మేరలో ఉండండి.

కుర్చీ కాళ్ళు, కింది అరలు, చెప్పుల స్టాండు, గుమ్మం, మంచం పట్టె ఇవన్నీ వాళ్ళ ఎత్తులోనే ఉంటాయి. నిజం చెప్పాలంటే పెద్దవాళ్ళం వంగి తుడవని చోట్లు అవే. దుమ్ము పొడిగా దులిపితే గాలిలోకి లేస్తుంది. ఆయాసం, పిల్లికూతలు ఉన్న పిల్లలకు అది చాలా చెడుపు. తడి గుడ్డతో ఆ బాధ తగ్గుతుంది. అయినా ఆయాసం ఉన్న బిడ్డను అటక దులిపేటప్పుడు, సున్నం గోకేటప్పుడు ఇంట్లో ఉంచకండి. అమ్మమ్మగారింటికో, పక్కింటికో పంపండి.

ఇంకో సంగతి. వాళ్ళు తుడిచిన చోట మరక మిగిలితే వాళ్ళ ఎదుట మళ్ళీ తుడవకండి. రాత్రి పడుకున్నాక తుడుచుకోండి. మా అత్తగారు అలా చేసేవారు. ఆ సంగతి మా పిల్లలకు పెద్దయ్యాక గాని తెలియలేదు.

తడి గుడ్డ కాక ఇంకా చాలా ఉన్నాయి. విడిచిన బట్టలు బుట్టలో వేయడం రెండేళ్ళకే వస్తుంది. చెప్పులు జతలుగా పెట్టడం, ఉతికిన బట్టల్లో ఎవరివి వాళ్ళవి ఏరడం, మేజోళ్ళ జతలు వెదకడం మూడు నాలుగేళ్ళవాళ్ళకు ఆట. ఈ వయసులో చిన్న గ్లాసుతో మొక్కలకు నీళ్ళు పోయించవచ్చు. ఐదారేళ్ళకు తువ్వాళ్ళు మడతపెడతారు. మీరు ఊడ్చిన చెత్త చేటలోకి ఎత్తుతారు. ఇత్తడి చెంబు చింతపండుతో తోమమంటే ఆ వయసువాళ్ళకు అది పండుగే. నల్లటి చెంబు కళ్ళముందే మెరుస్తుంది కదా. చేతికి పుండు గాని, కోత గాని ఉంటే మాత్రం ఆ రోజు వద్దు, మండుతుంది. ఏడెనిమిదేళ్ళకు తమ స్టీలు కంచం తాము కడుక్కోగలరు, మామూలు నీళ్ళతో గది తుడవగలరు. గాజు గ్లాసులు, కత్తిపీట మీ వంతు.

చీపురు గురించి కొంచెం చెప్పాలి. చిన్నపిల్లలకు మెత్తని కొండచీపురు ఇవ్వండి, పిడి పొడవైతే కోయించండి. ఈనెల చీపురు వద్దు. దాని కొనలు సరిగ్గా పక్కనున్న తమ్ముడి కంటి ఎత్తులో తిరుగుతాయి. ఈనె, పుల్ల, ఆకు వంటివి నల్లగుడ్డుకు గీసుకుంటే పైకి చిన్న గీతే కనిపిస్తుంది. కాని ఆ గీత గుండా బూజు జాతి క్రిములు లోపలికి పోయి కొన్ని రోజుల్లో కంటి మీద తెల్లని మచ్చ లేపుతాయి, చూపు పోతుంది. కాబట్టి పుల్ల తగిలిన కంటిలో ఆకు పసరు గాని, తల్లిపాలు గాని పోయకండి. అదే రోజు కంటి వైద్యులకు చూపించండి.

ఈ పనులు ఆడపిల్లలకు మాత్రమే అనుకోకండి. మగపిల్లవాడు కంచం ఎత్తితే "వాడికెందుకే ఆ పని" అనే నాయనమ్మలు మన సంఘాలలోనూ ఉన్నారు. ప్రభువు తన శిష్యుల పాదాలు కడిగిన సంగతి ఏటా మంచి శుక్రవారం ముందు రోజు వింటూనే ఉన్నాం. ఆ తువ్వాలు ఆడవాళ్ళ నడుముకు కట్టింది కాదు.

పనికి చాక్లెట్టు, పది రూపాయలు ఇవ్వవద్దు. ముందు చెప్పిన పరిశోధకులే 2008లో ఇంకొకటి గమనించారు. సాయం చేసినప్పుడల్లా బహుమతి అందుకున్న ఇరవై నెలల పిల్లలు, బహుమతి ఆగిపోయాక మిగతావాళ్ళకంటే తక్కువగా సాయం చేశారు. "అబ్బ, బంగారుకొండ" అని పొగిడేకంటే "నువ్వు చెప్పులు సర్దావు, తాతయ్య తడబడకుండా నడిచారు" అని చెప్పండి. తన పని ఎవరికి ఉపయోగపడిందో వాడికి తెలియాలి. అలాగే పనిని శిక్షగా ఇవ్వకండి. అన్నం తినలేదని గది ఊడవమంటే వాడికి అన్నమూ చేదవుతుంది, చీపురూ చేదవుతుంది.

సీసాలు, డబ్బాలు

ఇప్పుడు పిల్లల చేతికి రాకూడని వాటి సంగతి. ఇక్కడ మాత్రం నేను మెత్తగా మాట్లాడలేను.

యాసిడ్‌ను కూల్‌డ్రింకు సీసాలో, మంచినీళ్ళ సీసాలో పోసి ఉంచడం మన ఇళ్ళలో ఉన్న అన్నిటికంటే చెడ్డ అలవాటు. మా వార్డు బాబు సంగతిలో ఇంకా నయం, వాడు దాన్ని తాగలేదు. సీసా రూపం చూసి తాగే పిల్లలు ఉన్నారు. విడిగా యాసిడ్ అమ్మేవారు కొనేవారి పేరు, చిరునామా రిజిస్టరులో రాయాలని, ఫోటో ఉన్న గుర్తింపు కార్డు చూడాలని, 18 ఏళ్ళలోపు వారికి అమ్మకూడదని సుప్రీంకోర్టు 2013లో ఆదేశించింది. అది ముఖ్యంగా ఆడపిల్లల మీద జరిగే దాడులను ఆపడానికి వచ్చిన ఆదేశం. కాని ఆ రిజిస్టరు దుకాణం గడప దాటి మన ఇంట్లోకి రాదు. ఇంట్లో మన అన్నప్రాశన సీసా పక్కనే యాసిడ్ సీసా ఉంటే ఏ కోర్టూ ఏమీ చేయలేదు. కొన్న డబ్బాలోనే ఉంచండి, మిగిలితే మూత బిగించి, గడియ ఉన్న పై అరలో పెట్టండి. బాత్‌రూము కిటికీ పై అర కాదు, గచ్చు మూల కాదు.

మూసుకుపోయిన తూముల్లో పోసే కాస్టిక్ సోడా యాసిడ్‌కంటే మోసకారి. మింగిన బిడ్డ నోట్లో పెద్దగా పుండు కనిపించకపోవచ్చు. లోపల అన్నవాహిక కాలిపోతుంది. మానేటప్పుడు అది ముడుచుకుని సన్నబడుతుంది. కొన్ని వారాలకు అన్నం దిగదు, తర్వాత నీళ్ళూ దిగవు. అలాంటి పిల్లలకు మత్తు ఇచ్చి గొట్టం పెట్టి వెడల్పు చేయించాలి, ఒక్కసారితో అయ్యేది కాదు, నెలలు, ఒక్కోసారి ఏళ్ళు తిరగాలి. ఒక్క గుక్క తాగిన ఫలితం అది.

తెల్ల ఫినాయిలు నీళ్ళలో కలిపితే అచ్చం పాలలా ఉంటుంది. కాబట్టి గ్లాసులో కలపకండి. బట్టల పెట్టెలో వేసే కలరా ఉండలు పిప్పరమెంటు బిళ్ళల్లా ఉంటాయి. జి6పీడీ అనే పదార్థం పుట్టుకతోనే తక్కువ ఉన్న పిల్లలు నాఫ్తలీన్ ఉండను మింగితే రక్తకణాలు పగిలి, పచ్చకామెర్లు వచ్చి, మూత్రం కాఫీరంగుకు తిరుగుతుంది. చీమలకు గీసే చాక్‌పీసును పలక చాక్‌పీసు పక్కన పెట్టేవాళ్ళను ఏమనాలి! కిరోసిను వాడకం ఇప్పుడు బాగా తగ్గింది గాని, రంగులవాళ్ళు వదిలిపెట్టిన టర్పెంటైను డబ్బా అదే పని చేస్తుంది. అది కడుపులోకి పోవడంకంటే ఊపిరితిత్తుల్లోకి జారడం ప్రమాదం. 2020 నుండి చాలా ఇళ్ళలో శానిటైజరు సీసాలు చేరాయి. దానిలో ఉన్నది ఆల్కహాలు, పసిపిల్లలకు కొద్దిగా తాగినా మత్తు ఎక్కి రక్తంలో చక్కెర పడిపోతుంది.

పెద్దవాళ్ళకు కూడా ఒక మాట. బ్లీచింగు పౌడరు మీద యాసిడ్ పోయకండి. తెల్లగా వస్తుందని కొందరు రెండూ కలుపుతారు. వచ్చేది క్లోరిను వాయువు. తలుపు మూసిన చిన్న బాత్‌రూములో అది ఊపిరి ఆడనివ్వదు.

సున్నం సంగతి మరిచిపోకూడదు. రాతి సున్నం నానబెట్టిన తొట్టి కుతకుత ఉడుకుతుంటే పిల్లలు చుట్టూ చేరతారు. సున్నం కంట్లో పడితే యాసిడ్‌కంటే లోతుకు పోతుంది, ఎందుకంటే అది కంటి పొరను కరిగించుకుంటూ వెళుతుంది. సున్నం వేసే రోజు తొట్టి దగ్గర పిల్లలు ఉండకూడదు, అంతే. తాతగారి కిళ్ళీ సున్నం పొట్లం కూడా పిల్లల చేతికి ఇవ్వకండి. నొక్కితే అది పగిలి సరిగ్గా ముఖంలోకే చిమ్ముతుంది.

మిగిలినవి త్వరగా చెబుతాను. నేల తుడిచిన బకెట్టును వెంటనే ఒంపేయండి. నడక నేర్చిన బిడ్డకు తల బరువు ఎక్కువ, తొంగిచూసి తలకిందులైతే లేవలేడు, రెండంగుళాల నీళ్ళు చాలు మునగడానికి. సంపు మూత కూడా చూసుకోండి. ప్లగ్గులు, టీవీ, ఫ్రిజ్జు, ఇనుప కూలరు తడి గుడ్డతో తుడిచే పని పిల్లలకు ఎప్పుడూ ఇవ్వకండి. కట్టెల మోపు, ఇటుకల దొంతి, పాత గోనెలు ముందు పెద్దవాళ్ళు కదిలించాలి. కింద తేలు ఉండవచ్చు, ఎర్రతేలు చిన్నపిల్లల గుండెకు ప్రమాదం. ఊడ్చేటప్పుడు మంచం కింద దొరికే గుండీ బ్యాటరీలు ఏరిపారేయండి. బొమ్మల్లో, రిమోట్లలో, క్రిస్మస్ చిన్న దీపాల్లో ఇప్పుడు అవే. మింగితే అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే కాల్చడం మొదలుపెడుతుంది. నొప్పి లేదు కదా అని తెల్లవారేదాకా ఆగకండి.

ఇంకొకరి బిడ్డ

ఇది రాయాలా వద్దా అని ఆలోచించాను. పండుగ పనికి చేయి సాయమని ఊరి నుంచి పేద బంధువుల ఆడపిల్లను తెచ్చుకునే ఇళ్ళు మనలో ఉన్నాయి. మన పిల్లవాడు ఇష్టంతో తడి గుడ్డ పట్టుకోవడం వేరు. పదేళ్ళ పరాయి పిల్ల బడి మాని మన బాత్‌రూము యాసిడ్‌తో కడగడం వేరు. 14 ఏళ్ళలోపు పిల్లలను ఇంటిపనికి పెట్టుకోవడం మన దేశంలో 2006 అక్టోబరు నుండి నిషిద్ధం. 2016 సవరణతో ఏ పనికీ పెట్టుకోకూడదని చట్టం చెబుతోంది, బడి వేళలు కాక సొంత ఇంట్లో చేసే సాయాన్ని మినహాయించింది. ఈ వ్యాసంలో ఏ పనులు పిల్లలకు వద్దన్నామో, అవే ఆ పిల్ల చేత చేయిస్తున్నాం. మా వార్డులో చేతులు కాలిన అలాంటి పిల్లకు కట్టు కట్టినప్పుడు "ఈ అమ్మాయి మీకేమవుతుంది?" అని అడిగితే తెచ్చినవాళ్ళు తల దించుకున్నారు.

జరిగితే ఏం చేయాలి

యాసిడ్, సున్నం, బ్లీచింగు, ఏదైనా సరే, కంట్లో గాని ఒంటి మీద గాని పడితే నీళ్ళు, మళ్ళీ నీళ్ళు, ఇంకా నీళ్ళు. కనీసం ఇరవై నిమిషాలు. గడియారం చూసుకోండి, మీకు చాలా సేపు అయిందనిపించేటప్పటికి నాలుగు నిమిషాలే అయి ఉంటుంది. కంటికైతే తల పక్కకు వంచి, దెబ్బతిన్న కన్ను కిందికి ఉండేలా పట్టుకుని, రెప్పలు విడదీసి పోయండి, రెండో కంట్లోకి కారకూడదు. తడిసిన బట్టలు విప్పండి. పొడి సున్నమైతే ముందు గుడ్డతో దులిపి తర్వాత నీళ్ళు. నూనె, పసుపు, టూత్‌పేస్టు, సిరా ఏవీ రాయకండి. వాటిని మళ్ళీ గోకి తీయడం మాకు పని, బిడ్డకు నరకం.

మింగితే కక్కించకండి. ఉప్పునీళ్ళు, సబ్బునీళ్ళు, గొంతులో వేలు ఏదీ వద్దు. వచ్చేటప్పుడు ఒకసారి కాల్చిన గొంతును కక్కేటప్పుడు ఇంకోసారి కాలుస్తుంది. కిరోసినైతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నోరు తుడిచి, పుక్కిలించగలిగితే పుక్కిలింపజేసి, డాక్టరుగారు చెప్పేదాకా తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వకుండా బయలుదేరండి. 2005 నుండి మన రాష్ట్రాలలో నడుస్తున్న 108 వాహనానికి ఫోను చేయండి, ఆటో ముందు దొరికితే ఆటో ఎక్కండి. ఆ సీసా, డబ్బా, పొట్లం ఏదైతే అది మీతో తెండి. బిడ్డ ఏం మింగాడో తెలియక మేము వెదుక్కునే సమయం బిడ్డదే. దారిలో వాణ్ణి కొట్టవద్దు, తల్లిని ఎవరూ తిట్టవద్దు. భయంతో నిజం దాచిన తల్లులను చూశాను.

మా బాబు జనవరిలో కన్ను చూపించుకోవడానికి వచ్చాడు. నాయనమ్మగారు కూడా వచ్చారు. కన్ను తేటగా ఉంది. యాసిడ్ సీసా ఏం చేశారని అడిగితే, ఇంట్లోంచే తీసేశామని, ఇప్పుడు సబ్బుపొడి, బ్రష్షుతోనే రుద్దుకుంటున్నామని వాళ్ళమ్మ చెప్పింది. మరి వీడికి ఏం పని ఇచ్చావమ్మా అన్నాను. తులసి... కాదు, గుమ్మం పక్క బంతి మొక్కకు గ్లాసుతో నీళ్ళు పోయడం, చెప్పులు సర్దడం అప్పగించిందట.

"చెప్పులు బాగానే సర్దుతున్నాడండి" అంది నాయనమ్మగారు. "ఆ బంతి మొక్కకే పొద్దున మూడుసార్లు, సాయంత్రం మూడుసార్లు పోస్తున్నాడు. వేరు కుళ్ళిపోయేలా ఉంది. ఇంకో నాలుగు మొక్కలు తెచ్చి పెట్టాలి."